సారమ్మ బిగించిన బ్యాటు

హరిలాల్ సారు ఆ మిషన్‌ను ఆటోలో వేసుకొని ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం, హేమ్లి వాకిట్లో కూర్చొని ఎండుమిరప తొడిమలు తీస్తోంది. గోనెసంచి విప్పితే లోపల ఇనుప దిమ్మె, దాని మీద గుండ్రంగా తిరిగే చట్రం, పక్కన బరువు తగిలించిన పొడవాటి కడ్డీ కనిపించాయి. ఆమె అదేదో తూకం సామాను అనుకుంది.

“గట్టింగ్ మిషన్,” అన్నాడు హరిలాల్ చెమట తుడుచుకుంటూ. “పాల్వంచ దిక్కు క్లబ్బుల కరెంటుది కొత్తది కొన్నరట. ఇది మూలకు పడేసిన్రు. అడిగితే తీస్కపో అన్నరు. ఇగ షటిల్ బ్యాటుకు అల్లే దారం, గదే గట్టు, తెగితే ఖమ్మం ఉరికే పని లేదు.”

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆయన పీఈటీ. ఊరందరికీ పీఈటీ సారు. ఆయన భార్య కాబట్టి హేమ్లి సారమ్మ. చండ్రుగొండ పక్క తండాలో పుట్టి, ఇంటర్‌లో చేరి, పెళ్లితో పుస్తకాలు పక్కన పెట్టిన మనిషి. ఆమెను పేరుతో పిలిచేవాళ్లు ఆ ఊళ్లో భర్త, అత్త పూలి తప్ప మరొకరు లేరు.

మొదటి బ్యాటు హరిలాలే బిగించాడు. ఓపిక తక్కువ మనిషి. మైదానంలో అది మంచికే పనికొచ్చేది, పిల్లలు ఆయన ఈలకు పరుగెత్తేవాళ్లు. మిషన్ మాత్రం ఈలకు లొంగలేదు. బ్యాటు తలను పైన ఒకచోట, కింద పిడి కడ్డీ కలిసే గొంతు దగ్గర ఒకచోట లోపలి నుంచి పట్టుకునే సపోర్టులుంటాయి. రెండు పక్కలా బయటి నుంచి ఆనుకునే చేతులుంటాయి. ఆయన పైదాన్ని చేతనైనంత గట్టిగా తిప్పి, పక్క చేతులను పట్టించుకోకుండా గట్టు లాగడం మొదలుపెట్టాడు. నిలువు వరుసలు సగం కాకముందే ఫ్రేమ్ కురచబారి గుమ్మడికాయలా పక్కలకు ఉబ్బింది. టప్పుమని విరిగింది. “పనికిమాలిన మాల్,” అని కంపెనీని తిట్టి బయటికి వెళ్లిపోయాడు.

విరిగిన బ్యాటును హేమ్లి చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పి చూసింది. ఆమె తండ్రి సోమ్లా తండాలో నులక మంచాలు అల్లేవాడు. చిన్నప్పుడు పట్టె కదలకుండా పట్టుకునే పని ఆమెది. “నులక నేను గుంజుత బిడ్డా, కాని మంచాన్ని నిలబెట్టేది నువ్వే. నువ్వు పట్టె ఇడిస్తే మంచం వంకర పోతది,” అనేవాడు ఆయన. మిషన్ ముందు కూర్చున్నప్పుడు ఆమెకు ఆ మాట అర్థమైంది. లాగే చెయ్యి కన్నా పట్టే చెయ్యి ముఖ్యం.

అట్లాగని ఒక్కరోజులో రాలేదు. ఎంత బిగిస్తే అంత భద్రం అనుకొని ఆమె కూడా స్కూల్లో పడి ఉన్న ఒక పాత బ్యాటు గొంతు నలగ్గొట్టింది. గట్టిగా పట్టడం వేరు, పిసకడం వేరు అని అప్పుడు తెలిసింది. మెల్లగా చెయ్యి కుదిరింది. ఆ తర్వాత స్కూలు బ్యాట్లు, మండల ఆఫీసులో సాయంత్రం ఆడుకునే ఉద్యోగుల బ్యాట్లు, కొత్తగూడెం నుంచి ఎవరో తెలిసినవాళ్లు పంపినవి, అన్నీ ఆ ఇంటికే రావడం మొదలైంది. తెచ్చేవాళ్లు మాత్రం “హరిలాల్ సారు గట్టింగ్” అనేవాళ్లు. ఆయన కాదనలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు.

వాళ్ల కూతురు సువర్ణ అదే స్కూల్లో తొమ్మిది చదివేది. తండా మాటలో తండ్రిని బా అని, తల్లిని యాడీ అని పిలిచేది. ఆట తండ్రి నుంచి వచ్చింది. ఆమెతో డబుల్స్ ఆడే పిల్ల దుర్గ, దుమ్ముగూడెం అవతల గోదావరి దాపున ఉన్న ఒక కోయగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. సువర్ణ పొడుగరి, వెనక నిలబడి కొట్టేది. దుర్గ పొట్టి, నెట్ దగ్గర పిల్లిలా కాచుకొని ఉండేది. ఆ పిల్లకు ఒక్కటే చెడ్డ అలవాటు. షటిల్ తల మీదుగా వెనక్కి పోతే, సువర్ణ ఎట్లా కొడుతుందో చూడాలని తల తిప్పేది. “ముందుకు సూడవే,” అని హరిలాల్ ఎన్నిసార్లు అరిచినా ఆ ముచ్చట మానలేదు.

ఆదివారాలు దుర్గ ఈ ఇంటికే వచ్చేది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ఇష్టంగా తినేది. తిన్నాక సువర్ణ టీవీ ముందు కూర్చుంటే, దుర్గ వచ్చి మిషన్ దగ్గర చతికిలపడేది.

“ముందు ఏం జెయ్యాలె సారమ్మా?”

“ముందు బ్యాటును వేలుతోని తడమాలె. సన్న పగులుంటే కంటికి కనబడది, వేలికి తెలుస్తది. పగులుంటే మిషనెక్కియ్యొద్దు.”

“తర్వాత?”

“పైన, గొంతు కాడ రెండు ఆనియ్యాలె. ఒక్కదాన్నే బిగియ్యొద్దు. దీన్ని కొంచెం, దాన్ని కొంచెం. పక్క చేతులు ఫ్రేమ్‌కు తాకాలె, నొక్కొద్దు. ఆనినయా లేదా అని ఒక్కసారి మొత్తం తిప్పి సూడాలె. అప్పుడు నడుమ నుంచి గట్టు. ఎడమకు రెండు లాగితే కుడికి రెండు.”

“ఒక్క దిక్కే లాగితే?”

“లాగిన దిక్కే ఒంగిపోతది. ఎవ్వరైన అంతే గదా.”

దుర్గ నవ్వేది. హేమ్లి చేతుల కదలికనే చూస్తూ, మాట రాకుండా పెదవులు కదిలిస్తూ ఆ క్రమాన్ని వల్లె వేసుకునేది. కన్నకూతురికి లేని ఆసక్తి ఈ పిల్లకు ఉండడం చూసి హేమ్లికి ముచ్చటేసేది.

ఆ ఏడాది ఆ జంట జిల్లాలో గెలిచింది. రాష్ట్ర పోటీలు వరంగల్‌లో పెట్టారు. అక్కడ గెలిచినవాళ్లను హైదరాబాదులో స్పోర్ట్స్ స్కూలుకు తీసుకుంటారని మాట. హేమ్లి ఇద్దరి బ్యాట్లకు కొత్త తెల్ల గట్టు ఎక్కించి, గుడ్డ సంచుల్లో పెట్టి ఇచ్చింది. బయలుదేరే పొద్దున హరిలాల్ మిషన్‌ను కూడా జీపులో పెట్టించాడు.

“అదెందుకు?” అంది హేమ్లి.

“ఆడ తెగితే? వేరే జిల్లాలోళ్ల కాళ్లు పట్టుకోవాల్నా?”

“తెగితే నన్నడుగుతరు. నేను సుత వస్త.”

“ఆడపిల్లల టీముకు నేనున్న, వార్డెన్ ఉన్నది. నువ్వొచ్చి ఏం జేస్తవ్,” అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

తిరిగి వచ్చినప్పుడు జీపులో దుర్గ లేదు.

సువర్ణ దిగి, తల్లి ముఖం చూడకుండా లోపలికి పోయి పడుకుంది. హరిలాల్ వాకిట్లో మంచం మీద కూర్చొని, నీళ్లు తాగి, చెప్పాల్సింది చెప్పాడు. సెమీఫైనల్లో సువర్ణ స్మాష్ కొట్టింది. బ్యాటు గొంతు దగ్గర విరిగి, తల ఊడి ఎగిరిపోయింది. దుర్గ ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూస్తోంది. విరిగిన కొస వచ్చి కుడి కంట్లో తగిలింది. అక్కడే కంటి దవాఖానాలో చేర్చారు. తల్లిదండ్రులను పిలిపించారు.

హేమ్లి ఆయన చేతిలోని చెంబు అందుకొని కింద పెట్టింది.

“బ్యాటు ఎట్ల ఇరిగింది?”

“ఎట్ల ఇరుగుతది?” హరిలాల్ నేల చూస్తూ అన్నాడు. “నువ్వు బిగిచ్చేటప్పుడే యాడనో నలిగి ఉంటది. మీదికి కనబడలే.”

“ఆ బ్యాటు యాడుంది? నేను సూస్త.”

“ఆన్నే పోయింది. ఎవరికి గుర్తున్నది గప్పుడు.”

స్కూల్లోనూ ఆయన అదే చెప్పాడు. ఇంట్లో మా ఆమె బిగించింది, పాపం ఆమెకేం తెలుసు, నేను చూసుకోలేదు అన్నాడు. ఆయన అంత నెమ్మదిగా తప్పులో కొంత తన మీద వేసుకొని చెప్పేసరికి ఎవరూ ఆయనను ఇంకేం అడగలేదు. హెడ్‌మిస్ట్రెస్ ప్రమీల మేడం పైకి రాసి పంపింది. బయటి మనిషి చేతిలో జరిగిన పొరపాటని తేలింది, స్కూలు బాధ్యత ఏమీ లేదన్నారు. దవాఖానా నుంచి దుర్గను తల్లిదండ్రులు గూడేనికి తీసుకుపోయారు.

అత్త పూలి వినేవాళ్లు దొరికితే చాలు మొదలుపెట్టేది. “ఆడిదాని చేతికి మిషన్ ఇస్తె గిట్లనే ఉంటది. నా కొడుకు మంచోడు గనుక ఊకున్నడు.” బజారుకు వెళితే హాస్టల్ పిల్లలు హేమ్లిని చూసి మాటలు ఆపేవాళ్లు. వంటమనిషి ముత్తక్క ఒక్కతే దగ్గరికొచ్చి, “గాచారం సారమ్మా, నీ చేతిల ఏమున్నది,” అంది. ఆ ఓదార్పు తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ముత్తక్క కూడా నమ్మిందన్నమాట.

హేమ్లి మిషన్ మీద దుప్పటి కప్పేసింది. బ్యాట్లు తెచ్చినవాళ్లను వెనక్కి పంపేసింది. బియ్యం ఏరుతున్నా, బట్టలుతుకుతున్నా ఆ బ్యాటును ఎక్కించిన పొద్దునే మనసులో తిరిగేది. వేలుతో తడిమానా? తడిమాను. గొంతు దగ్గర ఎక్కువ తిప్పానా? సువర్ణ అన్నం పెట్టమని తొందరపెట్టింది, అప్పుడు చెయ్యి కొంచెం ఎక్కువ పడిందా? ఎన్నిసార్లు తలచుకుంటే అన్నిసార్లు ఆ చెయ్యి కొంచెం ఎక్కువే పడినట్టు తోచసాగింది. చివరికి, నలిగిన చప్పుడు తాను విన్నానని కూడా నమ్మింది. ఒక రోజు కూతురి ముందు ఆ మాటే అంది.

“చప్పుడు ఇన్నట్టే ఉన్నది సువర్ణా. ఇని సుత ఇచ్చిన బ్యాటు.”

సువర్ణ అన్నం కంచం వదిలి లేచి చెయ్యి కడుక్కుంది. ఆ పిల్ల ఆట మానేసింది. దెబ్బ తిన్న మనసు, తల్లి మీద కోపం అనుకుంది హేమ్లి. కోపం ఉంటే ఉండనీ, న్యాయమే కదా అనుకుంది.

సెలవులు అయిపోయి స్కూలు తెరిచినా దుర్గ రాలేదు. పేరు తీసేశారని తెలిసింది. వానలు వెనకబట్టాక హేమ్లి భద్రాచలం బస్సెక్కింది. గుడికి పోయొస్తానని ఇంట్లో చెప్పింది. గోదావరి బ్రిడ్జి దాటి, దుమ్ముగూడెం బస్సు మారి, అక్కడి నుంచి ఒక ట్రాక్టరెక్కి, మిగిలిన దారి బురదలో నడిచింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. గూడెంలో అడిగితే దుర్గ తండ్రి బొజ్జయ్య ఇల్లు చూపించారు.

దుర్గ తల్లి గంగక్క చేటలో విప్పగింజలు చెరుగుతోంది. మనిషిని గుర్తుపట్టి చేట పక్కన పెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. చాప పరిచి నీళ్లు ఇచ్చింది. బొజ్జయ్య అరుగు మీద తాడు పేనుతూ తల ఎత్తి చూసి మళ్లీ దించుకున్నాడు.

దుర్గ లోపలి నుంచి వచ్చింది. కుడి కన్ను తెరిచే ఉంది. కాని దాని మీద పాల మీగడ కట్టినట్టు తెల్లటి పొర. నవ్వబోయి, తల కొద్దిగా పక్కకు తిప్పి ఎడమ కన్నుతో చూసింది.

హేమ్లి చేతులు జోడించింది.

“బిడ్డా, నా చేతులతోనే తప్పు జరిగింది. ఆ బ్యాటు నేను సరిగ బిగియ్యలే. నన్ను ఏమన్న అనుండ్రి. అందుకే వచ్చిన.”

గంగక్క కూతురి వైపు చూసింది. బొజ్జయ్య చేతిలో తాడు ఆగిపోయింది.

“సారమ్మా,” అంది దుర్గ మెల్లగా, “మీరు బిగిచ్చిన్రని ఎవరు చెప్పిన్రు?”

“ఎవరేంది, సారు చెప్పిండు.”

దుర్గ లోపలికి పోయి బట్టల సంచి తెచ్చింది. అందులో నుంచి బ్యాటు తల తీసింది. దవాఖానాలో ఎవరో ఆమె సామానుతో పాటు సంచిలో వేశారట. పారేయడానికి మనసొప్పక అట్లాగే ఉంచింది. హేమ్లి అందుకుంది. గట్టు పసుపు పచ్చగా ఉంది. తాను ఎక్కించింది తెలుపు. కొస ముడి చూసింది. హేమ్లి ముడి చిన్నగా, ఫ్రేమ్‌కు అంటుకొని ఉంటుంది. ఇది ఒకదాని మీద ఒకటి వేసిన లావు ముడి, హరిలాల్ షూ లేసుకు వేసుకునేటటువంటిది. పక్కలు వేలుతో తడిమింది. చేతులు ఆనిన గుర్తే లేదు. గొంతు దగ్గర మాత్రం లోపలి సపోర్టు కరిచిన గాటు లోతుగా పడి ఉంది.

“ముందటి ఆటల మీ తెల్ల గట్టు తెగింది,” దుర్గ చెప్పుకుపోయింది. “పొద్దున లాడ్జిల సారు కొత్త గట్టు ఎక్కిచ్చిండు. జల్దీ జల్దీ చేసిండు. నేను అన్న, సారూ, పక్క చేతులు ఆనియ్యలే, సారమ్మ ఆనిస్తది అని. నువ్వు నాకు నేర్పుతవా అన్నడు. సువర్ణ పిడి పట్టుకున్నది. టక్కుమన్నది సారమ్మా. మేమిద్దరం ఇన్నం.”

“సువర్ణ సుత ఇన్నదా?”

“అవ్. సువర్ణనే ముందుగాల అన్నది, ‘బా, చప్పుడైంది’ అని. రంగు లేచింది, ఏం కాదన్నడు సారు.”

హేమ్లి ఆ బ్యాటు ముక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయింది. తన చేతులు తప్పు చేయలేదు. ఆ మాట తెలిస్తే మనసు తేలికవ్వాలి. కాలేదు. ఇన్నాళ్లూ ఇంట్లో ఇద్దరు మనుషులు, తాను లేని చప్పుడును విన్నానని ఏడుస్తుంటే, అసలు చప్పుడు విన్న చెవులతోనే విని ఊరుకున్నారు.

అప్పుడు బొజ్జయ్య నోరు విప్పాడు.

“మా పిల్ల ఒక తీరు చెప్తది. హాస్టలోళ్లు ఒక తీరు చెప్పిన్రు. సారమ్మ ఇంట్ల జరిగిన పని, మాకు సంబంధం లేదన్నరు. మల్ల దవాఖానాకు తీస్కపోతరా అంటే మాకు రూలు లేదన్నరు. మేము ఎవరిని అడగాలె? మిమ్మల్ని అడుగుదామంటే మీరే తప్పు చేసిన్నని వచ్చి కూసున్నరు.”

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగాడు. గంగక్క జావ పెట్టింది. హేమ్లి చివరిదాకా తాగింది. తాగకుండా లేస్తే వాళ్లను ఇంకోసారి చిన్నబుచ్చినట్టు అవుతుందని.

ఇంటికి చేరేసరికి సువర్ణ దండెం మీది బట్టలు తీస్తోంది. హేమ్లి సంచి కూడా దించలేదు.

“లాడ్జిల ఆ బ్యాటు ఎవరు బిగిచ్చిన్రు?”

సువర్ణ చేతిలోని యూనిఫాం గుండెకు హత్తుకుంది. “బా,” అంది.

“చప్పుడు ఇన్నవా?”

“ఇన్న.”

“మరి నా పేరు ఎందుకు చెప్పినవ్?”

“నేను చెప్పలే యాడీ. బా చెప్పిండు. నేను ఊకున్న.”

“ఎందుకు ఊకున్నవ్?”

“బా నౌకరీ పోతదన్నడు. పోలీసు కేసు అయితదన్నడు.” సువర్ణ ఏడుస్తూ అన్న చివరి మాట హేమ్లి చెవిలో ఉండిపోయింది. “మీ యాడికైతే పోయేటందుకు ఏమున్నది, ఇంట్ల ఉండేదే కదా అన్నడు.”

హరిలాల్ అంతా వింటూ గడపలోనే ఉన్నాడు. బుకాయించలేదు.

“అవ్. నేనే బిగిచ్చిన. అయితే?” అన్నాడు. “కావాలని చేసిన్నా? ఆ పిల్ల దవాఖానాల ఉంటే నేను మెట్ల మీద కూసొని మెతుకు ముట్టలే, తెలుసా? కాని సస్పెండ్ అయితే ఈ ఇల్లు ఎట్ల నడుస్తది? నీ మీద వేస్తే ఎవ్వరు ఏం జేస్తరు? నలుగురు నాలుగు దినాలు అనుకొని మర్చిపోతరు.”

“దుర్గ కన్ను మర్చిపోతదా?”

“నేను నిజం చెప్తే కన్ను వస్తదా?”

“నువ్వు అబద్ధం చెప్పినందుకే దానికి మల్ల దవాఖానా లేకుంట పోయింది. స్కూలోళ్లు సంబంధం లేదన్నరంట. అది తెలుసా నీకు?”

ఆయనకు తెలుసు. ముఖం చూస్తేనే తెలిసింది. పూలి మధ్యలోకి వచ్చి, మొగనిని గిట్ల నిలదీస్తరా అంది. హేమ్లి అప్పుడు సంచి దించి పొయ్యి వెలిగించింది.

మర్నాడు స్కూలుకు వెళ్లి ప్రమీల మేడానికి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడం విన్నది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

“నువ్వు చెప్పేది నిజమే కావచ్చు హేమ్లీ. కాని రిపోర్టు పోయింది, మూసేసిన్రు. ఇప్పుడు తెరిస్తే మీ ఆయన ఒక్కడే పోడు, అప్పుడు సంతకం పెట్టిన నేను సుత పోత. నువ్వు సంసారం ఉన్నదానివి. ఆలోచించుకో.”

“నేను ఆలోచించుకొనే వచ్చిన మేడం.”

“అయితే నేను ఆలోచించుకోవాలె,” అంది మేడం. ఆ ఆలోచన ఆమె బదిలీ మీద వెళ్లిపోయేదాకా తెమలలేదు. ఆ స్కూల్లో హేమ్లిని మొదటిసారి పేరుతో పిలిచిన మనిషి ఆమే. పిలిచి చేసింది అది.

ఆ తర్వాత హేమ్లి గూడెం వెళ్లి బొజ్జయ్యను ఒప్పించి, దుర్గను ఖమ్మంలో ఒక పెద్ద కంటి డాక్టరుకు చూపించింది. డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. దెబ్బ తగిలిన కొత్తలో తెచ్చి ఉంటే కొంత చూపు దక్కేదేమో, ఇప్పుడు రెండో కన్ను జాగ్రత్తగా కాపాడుకోవడమే అన్నాడు. బయటికొచ్చాక హేమ్లి బస్టాండులో కొనిచ్చిన బత్తాయిని దుర్గ ఒలుస్తూ, “పోనియ్యుండ్రి సారమ్మా,” అంది. ఓదార్చేది ఎవరో, ఓదార్పు దక్కాల్సింది ఎవరికో తెలియకుండా పోయింది. బొజ్జయ్య వాళ్లకు కొంచెం దూరంగా, బస్సు వచ్చే దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

హేమ్లి ఇల్లు విడిచి పోలేదు. పోతుందని ఊరంతా చూసింది. తండాలో అన్న వచ్చి, పంచాయితీ పెడదామా అన్నాడు. వద్దంది. వండింది, వడ్డించింది. పూలి మంచాన పడితే సాకింది. కాని హరిలాల్ తెచ్చిన బ్యాటును మళ్లీ ముట్టుకోలేదు. మొదట్లో ఆయన అరిచాడు, తర్వాత అడిగాడు, తర్వాత స్కూలు బ్యాట్లు కట్ట కట్టుకొని ఖమ్మం బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఎవరన్నా అడిగితే, “ఆమెకు చేతులు నొప్పులు,” అనేవాడు. అదే ఇంటి వరండాలో ఆమె బయటివాళ్ల బ్యాట్లకు గట్టు ఎక్కిస్తూ కనిపించేది. వచ్చేవాళ్లు ఆయన ముఖం, ఆమె ముఖం చూసి ఇంకేం అడిగేవాళ్లు కాదు. జరిగింది ఏమిటో ఆమె అడిగినవాళ్లందరికీ చెప్పింది. కొందరు నమ్మారు. ఎక్కువమంది, మొగుడి మీద కోపంతో అంటోందనుకున్నారు.

సువర్ణ డిగ్రీ చదివి, బీపీఈడీ చేసి, ఇల్లెందు దిక్కు ఒక స్కూల్లో కాంట్రాక్టు పీఈటీగా చేరింది. మళ్లీ ఎవరితోనూ జంటగా ఆడలేదు. పిల్లలకు సింగిల్సే నేర్పేది. ఒక వేసవిలో స్కూలు బ్యాట్ల సంచి భుజానేసుకొని ఇంటికొచ్చింది.

“యాడీ, ఇవి బిగిచ్చిస్తవా? బయట ఇయ్యాలంటే నాకు భయం.”

హేమ్లి సంచి వైపు చూడలేదు. “దుర్గ దగ్గరికి ఎన్నడన్న పోయినవా?”

సువర్ణ తల అడ్డంగా ఊపింది.

“పోయిరా.”

“పోయి ఏమని చెప్పాలె?”

“అది నన్నడిగితే ఎట్ల?”

సువర్ణ వెళ్లింది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, చెప్పులు విడిచి, గడప మీదే కూర్చుంది. హేమ్లి పొయ్యి ముందు నుంచి లేవకుండానే, “కలిసిందా?” అని అడిగింది.

“కలిసింది. పెండ్లయింది. చిన్న పిల్ల ఉన్నది. మిరప చేన్ల నుంచి పిలుచుకొచ్చిన్రు.” సువర్ణ విడిచిన చెప్పులను పక్కకు జరిపింది. “వాళ్లాయనకు నన్ను ‘మా పీఈటీ సారు బిడ్డ’ అని చెప్పింది. నా పేరు చెప్పలే. కోడిని కోసి కూర వండింది యాడీ. ఎవరో చుట్టం వచ్చినట్టు మర్యాద చేసింది. నేను చెప్దామని నోరు తెరిచినప్పుడల్లా ‘తిను, చల్లారుతది’ అన్నది. బస్సు దాక సాగనంపింది. నాకు చెప్పే సందే ఇయ్యలే.”

హేమ్లి పెనం మీది రొట్టె తిప్పింది.

“తిట్టినా బాగుండు,” అంది సువర్ణ. “కొట్టినా బాగుండు.”

“తిట్టేటంత దగ్గరోళ్లం గాదు మనం దానికి ఇప్పుడు,” అంది హేమ్లి.

సువర్ణ ఆ గడప మీదే ముడుచుకొని ఏడ్చింది. తల్లి లేచి దగ్గరికి రాలేదు. రొట్టెలు అయ్యాక కంచంలో పెట్టి, తొక్కు వేసి ఆమె ముందుంచింది. మరుసటి రోజు పొద్దున్నే బ్యాట్ల సంచి విప్పి ఒక్కొక్కటీ వేలుతో తడిమి, పగులు ఉన్నవాటిని పక్కన పడేసి, మిగిలినవన్నీ మిషనెక్కించింది. సువర్ణను పిడి కూడా పట్టుకోనివ్వలేదు. వాకిట్లో హరిలాల్ పేపరు చదువుతూ కూర్చున్నాడు. టీ తాగమని కూడా ఆయనను ఎవరూ పిలవలేదు. తనే లేచి వంటింట్లోకి పోయి గ్లాసులో పోసుకున్నాడు.